పోయిన సొమ్ముకు పూచీ ఎవరిది?

ఊరి కాపలాలో ఊరి భాగం ఎంత, సర్కారు భాగం ఎంత, రాత్రికి రాత్రి గోడకు కన్నం పడితే పోయిన సొమ్ముకు పూచీ ఎవరిది అన్న ప్రశ్నలు రాయలసీమలో పోలీసు స్టేషన్ల కన్నా చాలా పాతవి. ఒక వైపు ధర్మవరం పట్టు మగ్గాలు, మరో వైపు పెనుకొండ దుర్గం, కూతవేటు దూరంలో బుక్కపట్నం చెరువు, పుట్టపర్తి యాత్రికుల రాకపోకలు, వీటన్నిటి నడుమ ఉన్న కొత్తచెరువు వంటి మండల కేంద్రంలో ఈనాడు కాపలా నాలుగు పొరలుగా కనిపిస్తుంది. స్టేషన్ కానిస్టేబుళ్ల గస్తీ మొదటిది. గ్రామ సచివాలయంలోని మహిళా సంరక్షణ కార్యదర్శి రెండోది. కూడళ్లలో స్తంభాలకు బిగించిన కెమెరాలు మూడోది. కర్ర నేలకు తాటిస్తూ, ఈల వేస్తూ అంగళ్ల వీధుల్లో తిరిగి నెల మొదటి వారంలో ప్రతి దుకాణం ముందూ చేయి చాపే గూర్ఖా నాలుగోది. సీమ పట్టణాల్లో ఎక్కడ చూసినా ఇంచుమించు ఇదే ఏర్పాటు. ప్రజలూ పోలీసులూ కలిసి నేరాన్ని ముందే ఆపాలన్న ఈ పద్ధతికి ప్రభుత్వ పత్రాల్లో ‘కమ్యూనిటీ పోలీసింగ్’ అని పేరు. ఆ మాట కొత్తదే గానీ, దాని వెనక ఉన్న ఏర్పాటుకు ఈ నేల మీద కనీసం అయిదారు వందల ఏళ్ల వయసుంది. ఆ పాత ఏర్పాటులో ఉండి కొత్తదానిలో లేని షరతు ఒకటుంది. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

పాత ఏర్పాటు పేరు కావలి. కావలి అంటే కాపలా, ఆ కాపలాకు ఊరు చెల్లించే రుసుము కూడా. దానికి ఊళ్లో నిలబడిన మనిషి తలారి. ఈ మాటకు దీర్ఘమైన వంశావళి ఉంది. క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటి నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాల్లో ‘మహాతలవర’ అనేది రాజబంధువులు, సామంతులు ధరించిన పెద్ద బిరుదు. ఆ ‘తలవర’ శబ్దమే తలవరి, తలారి అయిందని భాషా చరిత్రకారులు చెబుతారు. రాజు పక్కన ఆసనం వేసుకుని కూర్చున్న బిరుదు, కాలం గడిచేకొద్దీ మెట్టు మెట్టుగా దిగి, చివరకు ఊరి పొలిమేర దగ్గరి గుడిసెలో కర్ర పట్టుకున్న మనిషికి మిగిలింది. తెలుగులో ఇంత దూరం కిందికి నడిచిన ఉద్యోగ నామం మరొకటి ఉండడం అరుదు.

విజయనగర కాలానికి గ్రామ పాలన ఆయగాండ్ర చేతిలో స్థిరపడింది. ఆయం అంటే పంటలో వచ్చే వాటా. ఆ వాటా మీద బతుకుతూ ఊరికి పని చేసే పన్నెండు మంది వృత్తిదారులు ఆయగాండ్రు. రెడ్డి, కరణం, పురోహితుడు, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, చెరువు నీటిని తూముల దగ్గర పంచే నీరుగంటి మొదలైన వారితో పాటు తలారి, తోటి కూడా ఆ లెక్కలోని వారే. తలారి, తోటి ఇద్దరూ కాపలా మనుషులే అయినా వారి పనులు వేరు. నేరం జరిగితే ఆరా తీయడం, కొత్త మనుషుల మీద కన్నేసి ఉంచడం, బాటసారులను ఒక ఊరి నుంచి మరో ఊరి దాకా క్షేమంగా సాగనంపడం తలారి పని. తోటి పని ఊరి పొలిమేర లోపలే ఉంటుంది. పంటకు కాపు కాయడం, కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు సాయపడడం అతని వంతు. 1812లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వెళ్లిన ‘అయిదో నివేదిక’ ఈ ఇద్దరి పనులను ఇంచుమించు ఇలాగే విడదీసి చూపింది. కల్లం దగ్గర గింజలు రాశి పోసినప్పుడు సర్కారు భాగం, రైతు భాగం తేలకముందే ఆయగాండ్ర ‘మేరలు’ కొలిచి పక్కన పెట్టేవారు. తలారి మేర ఆ కుప్పల్లో ఒకటి. దానికి తోడు పన్ను లేని లేదా తక్కువ పన్ను ఉన్న మాన్యం భూమి ఉండేది. పాత సర్వే కాగితాల్లో ‘తలారి మాన్యం’ అని కనబడే పొలాలు ఆనాటి జీతం చీటీలే.

రాజధానిలో సంగతి వేరు. 1443లో విజయనగరం చూసిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, నగర రక్షణకు 12,000 మంది భటులు ఉన్నారనీ, వారి జీతాలు వేశ్యావాటికల మీద వసూలైన పన్ను నుంచి వచ్చేవనీ రాశాడు. సుమారు తొంభై ఏళ్ల తరువాత వచ్చిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్, ఎంత చిన్న దొంగతనానికైనా కాలూ చేయీ నరికేవారనీ, ఆ దేశంలో దొంగలు తక్కువనీ రాశాడు. ఈ పరదేశులు రాసింది ఎక్కువగా రాజధాని వీధుల గురించి, రాజు దండన గురించి. 1565లో రాక్షస తంగడి యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు తరలివచ్చినప్పుడు చుట్టుపక్కల పల్లెలను కాచింది మాత్రం ఖడ్గం పట్టిన 12,000 మంది కాదు, మేర గింజలు తీసుకునే తలారులు. వారి పైన, నాలుగైదు ఊళ్ల నుంచి ఒక కొండసీమ దాకా కాపలా హక్కు సంపాదించిన పాళెగాళ్లు ఉండేవారు.

ఇక ఆ షరతు సంగతి. దక్షిణ భారతంలోనూ దక్కన్‌లోనూ కావలి ఒప్పందానికి ప్రాణం లాంటి నియమం ఏమిటంటే, కావలి రుసుము తిన్నవాడు దొంగను పట్టివ్వాలి, లేదా పోయిన సొమ్ము రాబట్టాలి, రెండూ చేతకాకపోతే ఆ విలువను తానే చెల్లించుకోవాలి. దీన్ని అమలు చేసే పద్ధతి జాడ తీయడం. తెల్లవారి దొంగతనం బయటపడగానే అడుగుజాడ మీద బోర్లించిన బుట్టో చాపో కప్పి ఎవరూ తొక్కకుండా కాపు కాసేవారు. జాడ తీయడంలో చేయి తిరిగినవాడు మడమ వెడల్పు, బొటనవేలు ఒత్తిన తీరు, చెప్పు కుట్టు గుర్తుపెట్టుకుని దుమ్ములోనూ బురదలోనూ దాన్ని వెంబడించేవాడు. జాడ పొలిమేర దాటి పక్క ఊళ్లోకి వెళ్తే పూచీ ఆ ఊరి కావలి మనిషి మీద పడేది. అతను ఆ జాడను తన ఊరి నుంచి బయటికి వెళ్లినట్టు చూపిస్తే బయటపడేవాడు, లేకపోతే సొమ్ము కట్టేవాడు. పీష్వాల రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమయ్యాక ఆ కంపెనీ అధికారి ఎల్ఫిన్‌స్టన్ తయారుచేసి 1821లో అచ్చయిన నివేదిక దక్కన్ పల్లెల్లో ఈ పద్ధతిని వివరంగా నమోదు చేసింది. ఇసుక వంకలు, ఎర్రనేలలు, నల్లరేగళ్లు కలిసిన అనంతపురం సీమలో నేల మీద పడిన అడుగు ఎంత సేపు నిలుస్తుందో ఇక్కడి గొర్రెల కాపరిని అడిగినా చెబుతాడు.

ఇది ఒక్క మన దేశపు వింత కాదు. ఇంగ్లండులో 1285 నాటి వించెస్టర్ శాసనం ప్రకారం దొంగను చూసినవాడు కేక వేస్తే ఊరంతా వెంట పరుగెత్తాలి, దొంగను పట్టివ్వలేకపోతే ‘హండ్రెడ్’ అనే ఊళ్ల సమూహం మొత్తం కలిసి బాధితుడి నష్టం పూడ్చాలి. ఆ ఆలోచన అక్కడ శతాబ్దాల పాటు నిలిచి, అల్లర్లలో ఆస్తి పోయినవారికి పోలీసు నిధి నుంచి పరిహారం ఇవ్వాలన్న 1886 చట్టంగా మారింది. దాని బదులు వచ్చిన 2016 చట్టం కూడా ఆ బాధ్యతను వదలలేదు. తమ దేశంలో ఇంత పదిలంగా దాచుకున్న సూత్రాన్ని ఆ దేశపు అధికారులే ఇక్కడ చేజారనిచ్చారన్నది గమనించదగిన విషయం.

అయితే కావలిని స్వర్ణయుగంగా చిత్రించడం చరిత్రకు అన్యాయం. సొమ్ముకు పూచీ పడే మనిషి, దొంగలతో పొత్తు పెట్టుకోవడానికి కూడా అందరికన్నా అనువైన చోట ఉంటాడు. పాళెగాళ్ల బలం పెరిగిన 18వ శతాబ్దంలో కావలి అన్నది చాలా చోట్ల బెదిరింపు పన్నుగా మారింది. రుసుము కట్టని ఊరి మీద కాపలా మనుషులే పడి దోచుకుంటారన్న భయమే వసూలుకు ఆధారమైంది. కంచే చేను మేసే స్థితిలో కంచెకు జీతం పెంచమని అడగడం ఆనాటి పాళెగాడి రాజనీతి. హైదర్, టిప్పుల దండయాత్రలు, మరాఠాల చౌతు వసూళ్లు, నిజాం అధికారుల గుత్తలు ఒకదాని వెంట ఒకటి వచ్చిన ఈ ప్రాంతంలో రైతుకు ఎవరు రాజు, ఎవరు కావలి, ఎవరు దొంగ అన్న తేడా చెప్పడం కష్టమయ్యే రోజులు చాలానే గడిచాయి.

1800లో నిజాం, ఈ సీమతో కూడిన దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చినప్పుడు ఈ సీమ థామస్ మన్రో చేతికి వచ్చింది. అనంతపురం కేంద్రంగా ప్రధాన కలెక్టరుగా 1807 దాకా పనిచేసిన మన్రో ముందు సుమారు 80 మంది పాళెగాళ్లు ఉన్నారు. అనంతపురం హండే వారు, రాయదుర్గం, రత్నగిరి వంశాల వారు ఆ కోవలోనివారే. వారి ఆయుధాలు, సైన్యాలు, కావలి వసూళ్లు ఒక్కొక్కటిగా పోయాయి. కొందరికి పింఛన్లు దక్కాయి, కొందరికి అవీ దక్కలేదు. ఈ పనికి కటువైన చేయి వాడాడని మన్రోను కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించారు. రైతులు మాత్రం ఆయనను మన్రోలప్ప అని పిలుచుకుని పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారు. ఈ రెండు అభిప్రాయాల మధ్య దూరం చూస్తే పాళెగాడి కావలి పల్లెకు ఎంత బరువైందో అర్థమవుతుంది.

మద్రాసులో కూర్చున్న పెద్దల ఆలోచన మరోలా సాగింది. బెంగాల్‌లో కార్న్‌వాలిస్ పెట్టిన పద్ధతిని ఇక్కడికి తెచ్చి, 1802 నాటి 35వ రెగ్యులేషన్‌తో కావలి హక్కులను రద్దు చేసి, జీతం తీసుకునే దారోగాలను నియమించారు. దారోగా అంటే ఒక ఠాణాకు అధిపతి. ఊరు పేరు తెలియని దారోగాకు ఊళ్లో ఎవరి కొడుకు ఎప్పుడు ఇంటికి చేరతాడో తెలియదు, అది తెలిసిన తలారికి దారోగాకు చెప్పవలసిన అవసరం లేదు. అప్పటిదాకా సొమ్ము పోతే తలుపు తట్టడానికి ఒక మనిషి ఉండేవాడు, ఇప్పుడు సొమ్ము పోయినవాడు అర్జీ పట్టుకుని ఠాణాకు నడవాల్సి వచ్చింది. దారోగా పద్ధతి పుష్కర కాలం దాటగానే కూలిపోయింది.

దాన్ని కూల్చినవారిలో ముఖ్యుడు మన్రోనే. 1814లో న్యాయ, పోలీసు సంస్కరణల కమిషన్ అధిపతిగా తిరిగి వచ్చి, 1816లో వరుసగా వెలువడిన రెగ్యులేషన్లకు ఆయన ఊపిరి పోశాడు. 4వ రెగ్యులేషన్ గ్రామ పెద్దను మునసబుగా గుర్తించి చిన్న వ్యాజ్యాలు తీర్చే అధికారం ఇచ్చింది. 5వది గ్రామ పంచాయతీలకు చట్టబద్ధత కల్పించింది. 11వది పోలీసు పనిని మళ్లీ గ్రామ పెద్ద, కరణం, తలారి చేతుల్లో పెట్టి, వారిని తహసీలుదారు కింద, తహసీలుదారును కలెక్టరు కింద ఉంచింది. నేటి భాషలో చెప్పాలంటే ప్రజలతో భాగస్వామ్యం అన్న సూత్రం మీద ఒక ప్రభుత్వం ఈ సీమకు రాసిన మొదటి చట్టం ఇదే. దాని మీద గౌరవం ఎంత ఉన్నా, రెండు లోపాలను దాటవేయడం కుదరదు.

మొదటిది కులం. తిట్టుకోవడం, చిన్న కొట్లాట వంటి నేరాలకు గ్రామ పెద్ద ఎవరినైనా 12 గంటల పాటు చావడిలో నిర్బంధించవచ్చు. ‘తక్కువ కులం’ వాడైతే 6 గంటలకు మించకుండా బొండకొయ్యలో వేయవచ్చు. రెండు బరువైన దుంగలను ఒకదానిపై ఒకటి అమర్చి, నడుమ కాళ్లు పట్టేంత రంధ్రాలు తొలిచి, పైదుంగను దించి మేకు కొట్టే సాధనం బొండకొయ్య. అందులో కాళ్లు ఇరికిన మనిషి కూర్చోనూ లేడు, లేవనూ లేడు, చావడి ముందు నుంచి నీళ్లకు వెళ్లేవారందరికీ కనబడుతూ ఉంటాడు. ఒకే తిట్టుకు ఒకరికి గది, మరొకరికి కొయ్య. ఊరి చేతికి కాపలా ఇవ్వడం అంటే ఊళ్లోని పెత్తందారు చేతికి ఇవ్వడం కూడా అని ఆ రెగ్యులేషన్ స్వయంగా ఒప్పుకుంది. అంబేడ్కర్ తరువాతి రోజుల్లో ఈ నిబంధనను ఎత్తి చూపారు.

రెండో లోపం, పన్ను వసూలూ పోలీసు అధికారమూ ఒకే చేతిలో పడడం. శిస్తు బాకీ పడిన రైతునూ దొంగతనం అనుమానం పడిన మనిషినీ అదే తహసీలుదారు కచేరీకి అదే బంట్రోతు ఈడ్చుకు వచ్చేవాడు. 1855లో వెలువడిన మద్రాసు చిత్రహింసల కమిషన్ నివేదిక, మండుటెండలో వంచి నిలబెట్టడం, వేళ్లను చెక్కల మధ్య నొక్కే ‘కిట్టి’ వంటి పద్ధతులు శిస్తు రాబట్టడానికీ నేరం ఒప్పించడానికీ ఎంత మామూలుగా సాగుతున్నాయో బయటపెట్టింది. ఆ నివేదిక ఆధారంగా 1857లో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పత్రికలో వ్యాసం రాశాడు. మన్రో గౌరవించిన గ్రామం పేరుతో మన్రో నిర్మించిన వ్యవస్థ నలభై ఏళ్లలో అక్కడికి చేరింది.

ఈలోగా కొండ కనుమల కాపలా మనుషుల కథ మరో మలుపు తిరిగింది. వారిని కట్టుబడి వారనేవారు. నామమాత్రపు పన్ను మీద ఇనాం భూమి అనుభవిస్తూ, పిలుపు రాగానే ఆయుధంతో హాజరు కావలసిన పాళెగాళ్ల నాటి బంట్లు వారు. సీమలో ఈ పనిలోనూ తలారి పనిలోనూ బోయలే ఎక్కువ. కాపలా వేరే చేతికి పోయింది కనుక భూమి కూడా సర్కారుదే అన్న లెక్కతో కంపెనీ ఈ ఇనాములను వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. 1846లో కంపెనీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట కదిలినవారిలో ఇలా భూమి పోయిన, పోతుందని భయపడిన కట్టుబడులు ముఖ్యులు. ఆయనను 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆ తిరుగుబాటును ఆయన సొంత పింఛను తగాదాగా చూసేవారు ఉన్నారు, స్వాతంత్ర్య పోరాటానికి నాందిగా చూసేవారూ ఉన్నారు. కాపలా చరిత్ర వైపు నుంచి చూస్తే అది, సర్కారుకూ కాపరికీ మధ్య ఉన్న పాత ఒప్పందాన్ని ఒక పక్షం ఏకపక్షంగా చించేసినప్పుడు రెండో పక్షం ఇచ్చిన జవాబు.

చిత్రహింసల నివేదిక ఫలితంగా 1859 నాటి 24వ చట్టం వచ్చింది. తహసీలుదారు నుంచి పోలీసు పని విడిపోయి, విలియం రాబిన్సన్ అధిపతిగా, యూనిఫారంతో, స్టేషన్లతో, మనం ఈనాడు పోలీసు అని గుర్తుపట్టే శాఖ మద్రాసు రాజధానిలో పుట్టింది. తలారిని ఆ శాఖలో కలపాలా, ఊరికే వదలాలా అన్న చర్చ చాలా కాలం నడిచి, చివరకు రెండూ సగం సగం జరిగాయి. పాత ఇనాం భూముల హక్కులు తేల్చిన ఇనాం కమిషన్ చేతిలో మాన్యాలు మామూలు పట్టా భూములుగా మారుతూ పోయాయి. 1864 నాటి గ్రామ సెస్సు చట్టంతో రైతుల నుంచి పన్ను వసూలు చేసి తలారికి నెల జీతం ఇవ్వసాగారు. కల్లం దగ్గర మేర కొలిచేటప్పుడు రైతు తలారి ముఖం చూసేవాడు. ఏడాది అంతా తన చేను, తన గొడ్డు, తన ఇల్లు ఎలా కాచాడో గుర్తు తెచ్చుకుని కొలత ఉదారంగానో పిసినారిగానో సాగేది. జీతం కచేరీ నుంచి రావడం మొదలయ్యాక ఆ ముఖాముఖి లేకుండా పోయింది. పోయిన సొమ్ముకు పూచీ అన్న షరతు ఏ ఉత్తర్వుతోనూ ప్రత్యేకంగా రద్దు కాకుండానే, దాన్ని మోసే మనిషి లేక, మాయమైపోయింది.

పూచీ మాయమైనా సామూహిక శిక్ష మాయం కాలేదు. 1861 పోలీసు చట్టం 15వ సెక్షన్ కింద, అల్లరి ఊరని ముద్ర పడిన చోట అదనపు పోలీసులను దింపి ఆ ఖర్చును ఊరి జనం నెత్తినే రుద్దవచ్చు. పాత రోజుల్లో ఊరికి నష్టం వస్తే కాపరి కట్టేవాడు, కొత్త చట్టంలో కాపరి ఖర్చు ఊరు కట్టింది.

ఇంతకన్నా చేదైన అధ్యాయం నేరస్థ తెగల చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలై 1911 చట్టంతో మద్రాసు రాజధానికి విస్తరించిన ఆ శాసనం, ఎరుకల వంటి సంచార సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసింది. ఎరుకల, కొరచ కుటుంబాలు అంతకు ముందు గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకునేవి. రైళ్లు వచ్చి ఆ బతుకు తెరువు పోయాక వారి మీద అనుమానం పెరిగింది. పేరు రిజిస్టరుకు ఎక్కిన మనిషి నిర్ణీత వేళల్లో గ్రామ మునసబు ముందు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. స్టువర్టుపురం, సిద్ధాపురం వంటి సెటిల్‌మెంట్లు ఈ చట్టం నీడలో పెరిగినవే. మునసబూ తలారీ స్టేషనూ ఇంత సమన్వయంతో పనిచేసిన ఘట్టం అంతకు ముందు లేదు. ఆ భాగస్వామ్యం ఊళ్లోని కొందరు కలిసి ఊళ్లోనే ఉన్న మరికొందరి మీద వేసిన నిఘా. 1952లో ఆ చట్టం పోయింది. ‘పాత నేరస్థుల’ జాబితాల్లో ఆ ఇళ్ల పేర్లు మాత్రం అంత తొందరగా పోలేదు.

1902లో ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన కూర్చున్న పోలీసు కమిషన్ దేశమంతా తిరిగి, గ్రామ కాపరి గ్రామానికి సేవకుడుగా ఉండాలే గానీ స్టేషనుకు బంట్రోతు కాకూడదని తేల్చింది. ఆ మాటను ఎవరూ కాదనలేదు, ఎవరూ పాటించనూ లేదు. తలారి వారానికోసారి స్టేషనుకు వెళ్లి ఊరి వార్తలు చెప్పడం, సమన్లు మోయడం, శవం దొరికితే పోలీసులు వచ్చే దాకా రాత్రంతా కాపలా కూర్చోవడం, తహసీలుదారు మకాం వస్తే నీళ్లు మోయడం, ఇన్ని పనులు మిగిలాయి. అధికారం మునసబుకు, చాకిరీ తలారికి అన్న విభజన స్వాతంత్ర్యం తరువాత కూడా మారలేదు. గ్రామోద్యోగం తండ్రి నుంచి కొడుకుకు రావడం రాజ్యాంగ విరుద్ధమని గాజుల దశరథ రామారావు కేసులో 1960లో సుప్రీంకోర్టు చెప్పింది. 1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో మునసబు, కరణం పదవులనే రద్దు చేసింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పెత్తనం పోయినందుకు పల్లెల్లో సంతోషించినవారే ఎక్కువ, అందుకు కారణాలూ ఉన్నాయి. కానీ మునసబుతో పాటు, స్టేషన్‌కూ ఊరికీ మధ్య చట్టం గుర్తించిన ముఖ్య వారధి కూడా పోయింది. తలారి మాత్రం పేరు మార్చుకుని గ్రామ రెవెన్యూ సహాయకుడయ్యాడు. ఊళ్లో ఇప్పటికీ అతన్ని తలారి అనే పిలుస్తారు.

ఆ ఖాళీని పూరించే ప్రయత్నాలే తరువాతి కమ్యూనిటీ పోలీసింగ్ పథకాలు. పొరుగు రాష్ట్రం తమిళనాడులో 1993లో రామనాథపురం జిల్లా ఎస్పీగా ఉన్న ప్రతీప్ ఫిలిప్ ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’ మొదలుపెట్టారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన పౌరులు గస్తీలో, సమాచార సేకరణలో పోలీసులకు సాయపడాలన్నది దాని ఉద్దేశం. 2020లో సాత్తాన్‌కుళం స్టేషనులో తండ్రీకొడుకులు పోలీసు హింసకు బలైన ఉదంతంలో ఆ సంస్థ సభ్యుల మీద కూడా ఆరోపణలు రావడంతో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పౌరుడి చేతికి లాఠీ నీడ ఇచ్చి బాధ్యత ఇవ్వకపోతే ఏమవుతుందో 1855 నివేదిక చదివినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. కేరళ 2008లో ప్రారంభించిన ‘జనమైత్రి’ పద్ధతి వేరు. అక్కడ బీట్ ఆఫీసరే ఇల్లిల్లూ తిరిగి పరిచయం చేసుకోవాలి.

తెలుగు నేల మీద ‘మైత్రి’ కమిటీలు వచ్చాయి. ఫ్యాక్షన్ రోజుల్లో అనంతపురం జిల్లా పల్లెల్లో పికెట్లు పెట్టి, రెండు వర్గాల వారిని బైండోవర్ చేసి, అంటే శాంతిభంగం చేయమని తహసీలుదారు ముందు పూచీకత్తు రాయించుకుని నడిపిన కాపలాతో పోలిస్తే అవి మెత్తని పద్ధతులే. పోలీసులు ఊళ్లోనే రాత్రి బస చేసి రచ్చబండ దగ్గర మాట్లాడే ‘పల్లెనిద్ర’ కార్యక్రమాలు కూడా మంచి మార్పే. 2013లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన ప్రజా భద్రతా చట్టం, జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, సంస్థలు సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టి ఆ దృశ్యాలు భద్రపరచాలని నిర్దేశించింది. ఇల్లు తాళం వేసి ఊరెళ్లేవారు ముందుగా చెబితే పోలీసులే ఆ ఇంట్లో కెమెరా అమర్చే ఎల్‌హెచ్‌ఎంఎస్ సదుపాయమూ వచ్చింది. 2019 అక్టోబరులో గ్రామ, వార్డు సచివాలయాలు ఏర్పడినప్పుడు ప్రతిదానికీ ఒక మహిళా సంరక్షణ కార్యదర్శిని నియమించి, 2021లో వారిని మహిళా పోలీసులుగా గుర్తిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. పోలీసు శిక్షణ, నియామక నిబంధనలు వేరైనప్పుడు ఆ పేరు ఎలా ఇస్తారని హైకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి. తలారి ఊరి మనిషా, స్టేషను మనిషా అని 1859లో తేలని ప్రశ్నే ఇది. ఈసారి ఆ ప్రశ్న ఎదుర్కొన్నది డిగ్రీ చదివిన ఆడపిల్లలు. తాగుడు గొడవ, బాల్యవివాహం, చదువు మానేసిన పిల్ల గురించి వారికి ముందుగా తెలుస్తుంది. ఖాకీ తొడగడం కన్నా ఆ ఎరుకే వారి అసలు బలమని చెప్పడానికి చరిత్ర అంతా సాక్ష్యంగా ఉంది.

ఇన్ని పథకాల్లోనూ ప్రవాహం ఒకే వైపు సాగుతుంది. సమాచారం ఊరి నుంచి స్టేషనుకు పోవాలి, కెమెరా డబ్బు వర్తకుల నుంచి రావాలి, గస్తీకి కుర్రాళ్లు ఊరు ఇవ్వాలి. సొమ్ము దొరకని ఇంటికి తిరిగి వచ్చే మాట ఏమిటన్నది ఏ పథకంలోనూ కనబడదు. 2008లో నేర విచారణ స్మృతికి చేసిన సవరణతో బాధితుల పరిహార పథకాలు ఏర్పడిన మాట నిజమే గానీ, అవి ప్రధానంగా అత్యాచారం, యాసిడ్ దాడి, ప్రాణనష్టం వంటి ఘోరాల్లో పునరావాసానికి ఉద్దేశించినవి. బీరువా పగిలిన చేనేత కుటుంబం వాటి గడప తొక్కడం అరుదు. పాత షరతును ఉన్నదున్నట్టు తిరిగి తేవాలని ఎవరూ అడగరు, నెల జీతం మీద బతికే కానిస్టేబుల్ చేత పోయిన నగల విలువ కట్టించడం అన్యాయం కూడా. కానీ కేసు ఎంత దూరం వచ్చిందో గడువు పెట్టి, ఊరి ముందు నిలబడి చెప్పవలసిన బాధ్యత అధికారి మీద ఉంచడానికి పాళెగాడి కాలానికి వెళ్లనక్కరలేదు.

నేర విచారణ స్మృతి స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 34వ సెక్షన్, గ్రామ వ్యవహారాల్లో పనిచేసే ప్రతి ఉద్యోగీ ఊళ్లో దొంగసొత్తు కొనే, అమ్మే వారి నివాసం గురించీ, దొంగలని అనుమానం ఉన్నవారి రాకపోకల గురించీ సమీపంలోని మేజిస్ట్రేటుకో స్టేషను అధికారికో వెంటనే తెలపాలని చెబుతుంది. 1816 నాటి తలారి విధులతో పక్కపక్కన పెట్టి చదివితే మాటలు కూడా పెద్దగా మారలేదు. సొమ్ము పోయిన మనిషికి ఎవరు జవాబు చెప్పాలన్న వాక్యం దానిలోనూ లేదు.